ఐస్‌గడ్డా, చెనిక్కాయ ఆకూ

ఉగ్గాని, బజ్జి ప్లేటు ముందు పెట్టుకుంటే చాలు, నాకు ఇప్పటికీ క్లోరోఫామ్ వాసన వస్తుంది. ఇంట్లో చెబితే నవ్వుతారు. 2006 నుంచి మూడేళ్ళు అనంతపురంలో నా పొద్దు అట్లాగే మొదలయ్యేది మరి. బండి మీద ఉగ్గాని పొట్లం కట్టించుకుని, ల్యాబ్ వరండాలో నిలబడి తినేసి (లోపల తినకూడదు, మిగతా నియమాల సంగతి ఎట్లా ఉన్నా ఈ ఒక్కటీ ఎవరూ తప్పేవాళ్ళు కాదు), చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని క్లోరోఫామ్ సీసా మూత తీసేదాన్ని. మిరపకాయ బజ్జి వాసన ముక్కులో ఉండగానే ఆ తియ్యటి మందు వాసన వచ్చి కలిసిపోయేది.

మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్ అంటే మా బంధువులందరికీ మైక్రోస్కోపు గుర్తొచ్చేది. మా దగ్గరా ఒకటుండేది. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద పాత క్యాలెండరు పెట్టి ఉండేది. మూడేళ్ళలో నేను దాంట్లోకి తొంగి చూసింది లేదు. మేం వెతికేది దానికి కనపడేదీ కాదు.

మేం వెతికింది చెనిక్కాయ చెట్టులో ఉండే ఒక వైరస్‌ని. కోస్తా వాళ్ళకు వేరుశనగ అంటే తెలుస్తుంది గానీ, మాకు అది చెనిక్కాయే, లేదంటే బుడ్డలు. 2000 ఖరీఫ్‌లో నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఊరు కళ్యాణదుర్గం వైపు. అప్పట్లో అందరి చేన్లలో ఉన్నట్టే మా ఆరెకరాల్లోనూ టీఎంవీ-2 విత్తనమే. పూత మీద ఉండగా చిగుర్లు నల్లబడ్డాయి, కాండం మీద చారలు వచ్చాయి, చెట్టు తలకాయ వాల్చి ఎండిపోయింది. ఒక సాలు పోతే పక్క సాలు నిలుస్తుందనుకున్నాం, అదీ పోయింది. పెద్దవాళ్ళు మొవ్వు కుళ్ళు అన్నారు, అది వాళ్ళకు తెలిసిన జబ్బు కాబట్టి. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్ష చేసి, ఇది అది కాదు, టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. ఆ ఒక్క కారు పంటలో జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయని, నష్టం 300 కోట్లు దాటిందని తర్వాత చదివాను. మా ఆరెకరాలు ఆ లెక్కలో ఎక్కడో ఉంటాయి.

అందుకని ఆ వైరస్ మీద పగబట్టి నేను ఈ చదువు చదివానని ఎవరైనా అనుకుంటే అది సినిమా కథ అవుతుంది. ఎమ్మెస్సీలో సీటొచ్చిన సబ్జెక్టు చదివాను. ప్రాజెక్టులో ఫెలో ఉద్యోగం ఖాళీ ఉందంటే చేరాను. అది చెనిక్కాయ వైరస్ ప్రాజెక్టని చేరిన రోజే తెలిసింది.

చేరిన మొదటి నెల నాకిచ్చిన పని గిన్నెలు కడగడం. అవును, గిన్నెలే. బీకర్లు, ఫ్లాస్కులు, కొలపాత్రలు. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు పెట్టుకుని ఇదేంటని లోపల ఉడికిపోయాను. మా సీనియర్ అక్క మాత్రం పక్కనే నిలబడి లెక్కపెట్టేది: సబ్బు నీళ్ళు, ఆపైన కుళాయి కింద పది సార్లు, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తో మూడు సార్లు. కడిగిన ఫ్లాస్కును వెలుగులో ఎత్తి పట్టుకునేది. నీళ్ళు లోపలి గోడ మీద పలచటి తెరలా జారిపోతే శుభ్రమైనట్టు. చుక్కలు చుక్కలుగా నిలబడితే ఎక్కడో జిడ్డుందన్నమాట, మళ్ళీ మొదటికి. ఇప్పటికీ మా ఇంట్లో గాజుగ్లాసు కడిగితే ఎత్తి చూడకుండా లోపల పెట్టలేను.

ఆ డిస్టిల్డ్ వాటర్ ఒక పెద్ద కథ. అనంతపురం బోరు నీళ్ళ సంగతి తెలిసిందే, కుండ అడుగున తెల్లగా పేరుకుంటుంది. డిస్టిలేషన్ యూనిట్ హీటరుకూ అంతే, పది రోజులకు సున్నం కవచం కట్టేది. మా అటెండరును అందరం పెద్దన్నా అని పిలిచేవాళ్ళం. ఆయన దానికి నిమ్మ ఉప్పు తెచ్చేవాడు, కిరాణా కొట్లో అమ్మేదే. నీళ్ళలో కలిపి హీటరును నానబెడితే బుసబుసమని నురగ లేచి సున్నం కరిగిపోయేది. సిట్రిక్ యాసిడ్, కాల్షియం కార్బొనేట్, కార్బన్ డయాక్సైడ్ అని నేను సమీకరణం చెబితే, "అదేమోమ్మా, మా ఇంట్లో రాగి బిందెకు చింతపండు పెడ్తారు, దీనికి ఇది" అన్నాడు. యూనిట్ నడుస్తున్నంతసేపూ ఒకరు కాపలా ఉండాల్సిందే. ట్యాంకులో నీళ్ళు అయిపోయి చల్లబరిచే ధార ఆగిపోతే గాజు పగులుతుంది. నాలుగు లీటర్ల నీళ్ళకు సగం దినం పట్టేది.

మధ్యాహ్నం మూడు దాటాక టిప్పులు పేర్చే పని. పిపెట్ చివర తగిలించే ఆ చిన్న ప్లాస్టిక్ గొట్టాలు సంచుల్లో కుప్పగా వచ్చేవి. వాటిని 96 రంధ్రాల డబ్బాల్లో ఒక్కొక్కటే నిలబెట్టి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉడికించాలి. అక్కా నేనూ ఎదురెదురుగా కూర్చుని పేర్చుతుంటే నాకు మా ఇంటి వసారా గుర్తొచ్చేది. విత్తనాల కాలంలో ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని బుడ్డలు వలుస్తూ ఊళ్ళో సంగతులన్నీ వలిచేవాళ్ళు. ఇక్కడా అంతే. ఎవరి పెళ్ళి కుదిరింది, ఎవరి ఫెలోషిప్ డబ్బు ఎన్ని నెలలుగా రాలేదు, ఇవన్నీ నాకు టిప్పుల డబ్బాల దగ్గరే తెలిశాయి.

పిపెట్ పట్టడం నేర్చుకోవడానికి నాకు నెలన్నర పట్టింది. రెండు మైక్రోలీటర్లంటే ఎంతో చెప్పమంటే చెప్పలేను, ఆవగింజ పక్కన పెడితే అదే పెద్దదిగా కనపడుతుంది. బొటనవేలితో నొక్కితే ఒకచోట ఆగుతుంది, ఇంకొంచెం గట్టిగా నొక్కితే రెండో చోట ఆగుతుంది. పీల్చేటప్పుడు మొదటి ఆగు, వదిలేటప్పుడు రెండోది. నేను తారుమారు చేసి అన్నిట్లో ఎక్కువ పోసేదాన్ని. అక్క రంగు నీళ్ళు చేతికిచ్చి, కాగితం మీద వంద చుక్కలు పెట్టమంది. అన్నీ ఒకే సైజులో వచ్చేదాకా అసలు ఎంజైము, అంటే వైరస్ ముక్కకు నకళ్ళు తీసే పదార్థం, ముట్టనివ్వలేదు. ఎందుకంటే ఆ ఎంజైము చిన్న గొట్టం ధరకు మా ఊళ్ళో దూడను కొనొచ్చు.

ఎంజైములు బెంగళూరు నుంచి థర్మకోల్ పెట్టెలో వచ్చేవి. ఒకసారి శుక్రవారం పంపిన పెట్టె సోమవారం మధ్యాహ్నం చేరింది. తెరిస్తే లోపల ఐస్ ప్యాకులు గోరువెచ్చగా, మెత్తగా ఉన్నాయి. పంపినవాళ్ళు తెచ్చినవాళ్ళ మీద, తెచ్చినవాళ్ళు మా గేటు దగ్గరి సెలవుల మీద నెపం పెట్టారు. మా సార్ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఎంజైము కావాలంటే ఎవరో ఒకరం రాత్రి బస్సెక్కి పోయి, ఐస్‌లో రాళ్ళ ఉప్పు కలిపిన ఫ్లాస్కులో పెట్టుకుని ఒళ్ళో పట్టుకుని తెచ్చుకునేవాళ్ళం. ఉప్పు కలిపితే ఐస్ సున్నా కంటే కిందికి పోతుంది. పాత ఐస్‌ఫ్రూట్ వాళ్ళకు తెలిసిన సంగతే.

ఐస్ కూడా కొనుక్కునేదే. పెద్ద ఊళ్ళ ల్యాబుల్లో ఐస్ పొడి రాల్చే మిషన్లుంటాయని విన్నాం. మాకు పెద్దన్న ఉండేవాడు. పొద్దున్నే ఐస్ ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టు అంటిన గడ్డ తెచ్చి, గోనెసంచిలో చుట్టి, సుత్తితో దబదబా కొట్టేవాడు. ఆ చప్పుడు వినిపించిందంటే ఈపొద్దు ఆర్‌ఎన్‌ఏ తీసే రోజని కారిడార్ అంతా తెలిసిపోయేది. ఈ వైరస్ జన్యువులు ఉండేది ఆర్‌ఎన్‌ఏలోనే, అందుకని ఆకులోంచి ముందు దాన్ని బయటికి తీయాలి.

నైట్రోజన్ ఇంకో వింత. చెనిక్కాయ ఆకును మామూలుగా నూరితే నిమిషంలో గోధుమరంగుకు తిరుగుతుంది, కోసిన వంకాయ నల్లబడినట్టు. అట్లా తిరిగిందంటే లోపలి ఆర్‌ఎన్‌ఏ పాడైనట్టే లెక్క. అందుకని ద్రవ నత్రజని పోసి నూరాలి. మైనస్ 196 డిగ్రీలు. పశువులకు సూది వేసే చోట వీర్యం నిల్వ చేయడానికి ఇదే వాడతారు గనక, అక్కడి వాళ్ళను బతిమాలి చిన్న క్యానులో తెచ్చుకునేవాళ్ళం. మూత బిగించకూడదు, పేలుతుంది. స్కూటరు వెనక క్యాను పట్టుకుని కూర్చుంటే దాని మెడ నుంచి తెల్ల పొగ కారుతూ ఉండేది. టవర్ క్లాక్ దగ్గర ఒకాయన ఆపి, "ఏం పాపా, బండి కాల్తాంది చూసుకో" అన్నాడు.

కల్వంలో ఆకు వేసి నైట్రోజన్ పోస్తే సుయ్‌మని అరుస్తుంది. పొగ తగ్గాక రోకలిబండతో తాకితే చాలు, ఆకు వేయించిన అప్పడంలా ఫెళ్ళున విరుగుతుంది. మెత్తటి పచ్చపొడి అవుతుంది, మా అమ్మ చేసే గోంగూర పొడి రంగు. అది కరిగేలోపే ఆర్‌ఎన్‌ఏను విడదీసే మందు పోసేయాలి, క్లోరోఫామ్ కలపాలి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. మా సెంట్రిఫ్యూజ్‌కు చల్లబరిచే ఏర్పాటు లేదు. తిరిగే చక్రాన్ని ముందు రాత్రే ఊడదీసి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం, పెరుగు గిన్నె పక్కన కాదులెండి, ల్యాబ్ ఫ్రిజ్‌లోనే.

తిప్పి తీస్తే గొట్టంలో మూడు పొరలు కనపడతాయి. కింద గులాబీ రంగు, మధ్యలో తెల్లటి మీగడ, పైన తేట నీళ్ళు. మనకు కావలసింది ఆ తేటలో ఉంటుంది. "అంతా తీయాలని చూడొద్దు. రోంత వదిలెయ్. ఆశపడితే మీగడ వస్తుంది, అదొస్తే అంతా పాయె" అనేది అక్క. ఆ తేటలో ఐసోప్రొపనాల్ కలిపి మళ్ళీ తిప్పితే అడుగున చిన్న మచ్చ పేరుకుంటుంది, ఒక్కోసారి అదీ కనపడదు. గొట్టం మూత మడత ఎప్పుడూ బయటివైపుకే ఉండేలా పెట్టేవాళ్ళం, అప్పుడు మచ్చ కనపడకపోయినా ఏ గోడకుందో తెలుస్తుంది. ఈ చిట్కా ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. ఇంతా చేసి, ఆఖర్న ఆల్కహాల్‌తో కడిగి వంచేటప్పుడు ఆ మచ్చ జారి సింకులోకి పోయిందనుకోండి. నాకు రెండుసార్లు పోయింది. రెండోసారి సింకు గొట్టం విప్పుదామా అని పెద్దన్న నిజంగానే స్పానరు తెచ్చాడు.

ఇక పీసీఆర్, అంటే వైరస్ జన్యువులో ఒక ముక్కకు నకళ్ళ మీద నకళ్ళు తీసే పని. ఆర్‌ఎన్‌ఏను ముందు 42 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టి డీఎన్‌ఏగా మార్చుకోవాలి, ఆపైన 94, 55, 72 డిగ్రీలు, మళ్ళీ 94, 55, 72, ఇట్లా 35 చుట్లు. చుట్టు చుట్టుకూ రెట్టింపు. లెక్క ప్రకారం ఒక్క ముక్క 3,400 కోట్లు దాటాలి, నిజంలో అంత రాదు గానీ కంటికి కనపడేంత వస్తుంది. మాది పాతకాలం మిషను, మూత వేడెక్కదు. అందుకని ప్రతి గొట్టంలో పైన ఒక చుక్క మినరల్ ఆయిల్ వేయాలి, లేకపోతే నీరు ఆవిరై మూతకు అంటుకుంటుంది. అయ్యాక నమూనాను జెల్ అనే జెల్లీ పలక గుంతల్లో పోసి కరెంటు పెడితే, డీఎన్‌ఏ ముక్కలు పొడవును బట్టి విడిపోయి గీతల్లా కనపడతాయి. కానీ ఆ నూనె కింది నుంచి నమూనా తీయడం ఒక సర్కస్. టిప్పుకు నూనె అంటితే జెల్ గుంతలో పోసిన నమూనా అడుగుకు దిగకుండా పైనున్న బఫర్ ద్రావణంలోకి తేలిపోతుంది. అక్క పారాఫిల్మ్ అనే మైనపు పొర ముక్క పరిచి, నూనెతో సహా చుక్కను దాని మీద వేసి అటూ ఇటూ దొర్లించేది. నూనె పారాఫిల్మ్‌కు అతుక్కుపోయి, నీటిచుక్క ముత్యంలా విడిగా దొర్లి వచ్చేది. మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టాను.

కరెంటు పోయేది ఎప్పుడో చెప్పనక్కర్లేదు, ముప్ఫయ్యో చుట్టులో పోయేది. వేసవిలో కోతల వేళలు తెలుసుకుని, వాటి మధ్య మూడు గంటలు ఖాళీ చూసుకుని మిషను ఆన్ చేసేవాళ్ళం, ముహూర్తం పెట్టుకున్నట్టు. చాలాసార్లు ఆ ముహూర్తం రాత్రి పదకొండుకు పడేది. హాస్టల్ వార్డెనుకు ఇది అర్థమయ్యేలా చెప్పడం కంటే పీసీఆర్ చేయడమే సులువు.

ఆ మూడేళ్ళలో నన్ను నిజంగా ఏడిపించింది మాత్రం కరెంటు కాదు, నీళ్ళు. ప్రతి పీసీఆర్‌లో ఒక గొట్టంలో నమూనా బదులు ఉత్త నీళ్ళు వేస్తాం. దాంట్లో ఏ గీతా రాకూడదు. 2007 ఆగస్టులో నాకు వచ్చింది. జబ్బు చెట్టు గుంతలో ఉన్నంత చక్కగా, అంతే ఎత్తులో, నీళ్ళ గుంతలో కూడా గీత. సార్ ఫోటో చూసి, "ఏమ్మా, మా నీళ్ళకు కూడా తెగులొచ్చిందా?" అని మాత్రం అన్నారు. తిట్టినా బాగుండేది.

మూడు వారాలు. బఫర్ మార్చాను, ప్రైమర్లు (ఏ ముక్కకు నకలు తీయాలో చూపించే చిన్న డీఎన్‌ఏ తునకలు) మార్చాను, నీళ్ళు మళ్ళీ ఉడికించాను. గీత పోలేదు. ఆఖరికి దొరికింది. డబ్బు ఆదా అని వాడిన గొట్టాలు, టిప్పులు కడిగి, ఆటోక్లేవ్ చేసి మళ్ళీ వాడుతున్నాను. ఆటోక్లేవ్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది గానీ డీఎన్‌ఏ ముక్కల్ని పూర్తిగా తుడిచిపెట్టదు, పీసీఆర్‌కు ఆ మిగిలిన ముక్కే చాలు. పైగా అయిపోయిన గొట్టాలు ఏ బల్ల మీద తెరుస్తున్నానో, కొత్తవి కలిపేదీ ఆ బల్ల మీదే. తప్పు పూర్తిగా నాదే. బల్లనూ, పిపెట్లనూ బ్లీచింగ్ ద్రావణంతో తుడిచాం, స్టోరు రూములో బీరువా పక్కన చిన్న బల్ల వేసి కలపడమంతా అక్కడికి మార్చాం. మరుసటి రోజు నీళ్ళ గుంత నల్లగా, ఖాళీగా ఉంది. ఒక ఖాళీ గుంతను చూసి అంత సంతోషపడ్డ మనిషి ఉండదు.

ఆ శీతాకాలంలోనే మా నాయన ల్యాబ్‌కు వచ్చాడు. మార్కెట్ యార్డు పని మీద టౌనుకొచ్చి, తడిగోనెలో నాలుగు చెనిక్కాయ చెట్లు చుట్టుకొచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు, ఎంత చెప్పినా వేసుకోలేదు. ఆ రోజు జెల్ సిద్ధంగా ఉంది. లైటార్పి, అద్దం అడ్డం పెట్టి, కింద యూవీ వేశాను. చీకట్లో డీఎన్‌ఏకు అంటుకున్న ఎథిడియం బ్రోమైడ్ అనే రంగు మందు నారింజ రంగులో వెలిగింది. పక్కన కొలత నిచ్చెన, అంటే పొడవు తెలిసిన డీఎన్‌ఏ ముక్కల గీతలు. మధ్యలో ఏడు వందల డీఎన్‌ఏ అక్షరాల పొడవుకు కాస్త పైన ఒక్క గీత.

"ఆ గీతేనా?"

"అదే నాయనా. వైరస్ కాదు, దాంట్లో ఒక ముక్క. రోంత ఉండేదాన్ని మేం కోట్ల కొద్దీ చేస్తే ఇంత కనపడింది."

నాయన చాలాసేపు వంగి చూశాడు. "మేం వద్దు వద్దంటాంటే మీరు దాన్ని కోట్లు కోట్లు చేస్తాండారా?"

అక్క నవ్వాపుకోలేక బయటికి పోయింది. మందేమిటని అడిగాడు. మందు లేదన్నాను. వయ్యారిభామ చెట్టులో ఈ వైరస్ ఏ గుర్తూ చూపకుండా దాక్కుంటుందని, దాని పుప్పొడిని తామర పురుగులు మోసుకొచ్చి ఆకు గీకినచోట రాలుస్తాయని, అందుకని పూతకు రాకముందే గట్ల మీద దాన్ని పీకేయాలని, చేను చుట్టూ జొన్న సాళ్ళు వేస్తే పురుగు కొంత ఆగుతుందని చెప్పాను. నాయన మిషన్లన్నీ ఒకసారి కలియజూశాడు. "గడ్డి పీకమని చెప్పేదానికి ఇంత సామానా?"

నాకు కోపమొచ్చింది. ఆ మాట నిజం కావడం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది. తర్వాతి కారు పంటలో గట్లన్నీ శుభ్రంగా పీకించాడని, పీకిన కూలీలకు చేతులు దురదలు పెట్టాయని అమ్మ చెప్పింది. ఆయన మాత్రం నాతో ఆ ఊసే ఎత్తలేదు.

2009లో ప్రాజెక్టు అయిపోయింది. పెళ్ళయ్యి బెంగళూరు వచ్చాను, కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇప్పుడు నా విద్యార్థులకు అన్నీ కిట్లే. డబ్బాలో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసిన సీసాలు వస్తాయి, వాటిలో ఏముందో ఎవరూ అడగరు. మూత మడత బయటికి పెట్టమంటే ఎందుకని చూస్తారు.

2020లో ఒక రోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది.

"టీవీలో ఆర్టీపీసీఆర్ ఆర్టీపీసీఆర్ అని ఒకటే చెప్తాండారు. నువ్వు అనంతపురంలో చేసింది ఇదేనామ్మే?"

"ఇదేమా. అప్పుడు చెట్టుకు, ఇప్పుడు మనుషులకు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆలోచిస్తోందని తెలుస్తూనే ఉంది.

"మనుషులకైతే ముక్కులో పుల్ల పెడ్తాండారు. చెనిక్కాయ చెట్టుకు నువ్వు యాడ పెట్టినావే?"